తెల్ల గలీబు

గురువారం గురువారం
గాలిని వడపోసిన కాగితం మారుస్తాను.
చిన్న అప్పడమంత ఉంటుంది.
వాడిందీ కొత్తదీ పక్కపక్కన పెడితే
ఏది ఏదో నేనే పోల్చుకోలేను.

ఉద్యోగంలో చేరిన రోజు
డీట్మార్ నన్ను ఆఫీసు నేలమాళిగలోకి తీసుకెళ్ళాడు.
ఇనుప బీరువా, అడుగు సొరుగు,
డెబ్భై ఒకటో సంవత్సరం, ఫిబ్రవరి.
అదీ ఇలాంటి కాగితమే,
పెనం మీద మరిచిపోయిన అట్టులా ఉంది.
"ముట్టుకో" అన్నాడు.
నేను పుట్టకముందటి పొగ
రెండుసార్లు సబ్బు పెడితే గానీ
వేలిని వదల్లేదు.

రూర్ లోయలో ఇప్పుడు
కొలిమి ఉన్నచోట సరస్సు.
నా పెట్టె దాని ఒడ్డున, స్తంభం మీద.
పక్కిల్లు వాల్‌ట్రాట్ పియెట్‌జాక్‌ది.
మొగుడు ముప్పై ఏళ్ళు క్రేను నడిపాడు,
ఆమె ముప్పై ఏళ్ళు గాలివాలు చూసి బట్టలారేసింది.
పడమటి గాలికి దండెం ఖాళీ,
తూర్పు గాలికి దుప్పట్లు.
గాలి మాట తప్పిన రోజు
మళ్ళీ బకెట్టు, మళ్ళీ సబ్బు, మళ్ళీ నడుంనొప్పి.

ఫ్యాక్టరీ మూసేశాక
దూరదేశం నుంచి మనుషులొచ్చి
బోల్టు బోల్టుకీ సుద్దతో నంబరు వేసి విప్పారట.
మొగుడు రోజూ కంచె పట్టుకుని చూసేవాడట.
ఒకసారి తప్పు నంబరు వేసినవాణ్ణి
కేకేసి మరీ సరిదిద్దాడట.
ఓడెక్కి పోయింది కొలిమి,
పాత బాకీలు తీర్చకుండా
ఇల్లు మారిన కిరాయిదారులా.
ఎక్కడో ఒకామె, పేరు మాకెవరికీ తెలీదు,
దండెం ముందు నిలబడి
తడి వేలు గాలికి పెడుతూ ఉంటుంది.

అంతా ఓడెక్కిందే అనను, తప్పవుతుంది.
చిమ్నీలకు జల్లెళ్ళు బిగించారు, చట్టాలొచ్చాయి,
అంతకుముందు తల్లులు
దగ్గే పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని
మునిసిపాలిటీ మెట్ల మీద చలిలో కూర్చున్నారు.
చూడ్డానికొచ్చే అతిథులకు గ్రాఫు చూపిస్తాను:
ఊరి సంపాదనతో పాటు కొండెక్కిన మసి
సంపాదన ఇంకా పెరిగాక కొండ దిగుతుంది.
దిగి ఎటు పోయిందని ఎవరూ అడగరు.
అడిగితే ఏం చెప్పాలో
నాకూ ఎవరూ నేర్పలేదు.

సరస్సులో హంసలు దిగిన ఏడాదే
అద్దెకు రెక్కలొచ్చాయి.
గోడలకు దళసరి కోటు తొడిగారు,
కప్పు మీద సోలార్ పలకలు పరిచారు,
ఆపైన ఉత్తరం వచ్చింది:
మీ ఇల్లు ఇకపై భూమికి భారం కాదు.
అడుగున, చిన్న అక్షరాల్లో,
ఆమెకెంత భారమో.

మార్చిలో మోటార్వే పక్కకి మారింది,
నాలుగో అంతస్తు.
రాత్రంతా లారీలు,
సరస్సు ఒడ్డువాళ్ళు ఫోన్లో నొక్కిన ప్రతిదీ
ఆమె నిద్ర మీదుగానే వెళ్తుంది.
"నీ పెట్టె ఒకటి ఇక్కడ పెట్టవా?" అంది
కాఫీ కప్పు నా ముందుకు జరుపుతూ.
పెట్టెల చోటు నా చేతిలో లేదన్నాను.
ఊరి సగటు ఆకుపచ్చగానే ఉందన్నాను.
అన్నాక
కాఫీ చల్లారేదాకా తాగలేకపోయాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు
మడతపెట్టిన దిండు గలీబు చేతిలో పెట్టింది.
ఉతికిందే, పొడిదే, తెల్లదే,
వారం రోజులు బాల్కనీలో వేలాడదీసిందట.
మడత విప్పాను.
"మీ సొరుగులో పెట్టు, ఆ అట్టు పక్కన."

మా ఆవిడ ఉతకబోతే లాక్కున్నాను.
చీటీ రాశాను: వీధి, అంతస్తు, తేదీలు.
గాలివాలు అన్న గడి దగ్గర కలం ఆగింది.
ఫోన్ చేశాను.
ఏడు రోజులదీ
వరసగా, తడుముకోకుండా చెప్పింది.